జబ్బుకి అర్థం ఉండాలా?

క్యాన్సర్ వచ్చాక నా జీవితానికి ఒక గమ్యం దొరికిందని చాలామంది అంటుంటారు. మెచ్చుకోలుగానే అంటారు. ఆ మాట నాకు మింగుడుపడదు. రొమ్ములో పుట్టిన గడ్డకి నాకేదో నేర్పాలన్న ఉద్దేశం ఎక్కడిది? జబ్బుకి లేనిపోని అర్థాలు అంటగట్టడం రోగిని ఎంత బాధిస్తుందో సూసన్ సోంటాగ్ 1978లోనే రాసింది. ఆమె కూడా రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం చేయించుకున్న మనిషే. మన దగ్గర కర్మ అనేవాళ్లున్నారు, మనసులో దిగులు పెట్టుకోవడం వల్లే వచ్చిందనేవాళ్లున్నారు. ‘నీ మంచికే వచ్చింది’ అనేవాళ్లు ఇప్పుడు వాళ్లకి తోడయ్యారు.

మరి వారానికి రెండు రోజులు ఆస్పత్రి వరండాలో కూర్చుని, కొత్తగా వచ్చిన ఆడవాళ్లకి రిపోర్టులు చదివి చెప్పడం, సంతకం పెట్టేముందు డాక్టర్‌ని ఏమేం అడగాలో కాగితం మీద రాసివ్వడం నేనెందుకు చేస్తున్నట్టు?

రోజ్ కుష్నర్ గురించి చదివినప్పుడు నాకు జవాబు దొరికింది. ఆమె అమెరికన్ పాత్రికేయురాలు. 1974లో ఆమెకి రొమ్ము క్యాన్సర్ బయటపడింది. గడ్డ పరీక్షకని మత్తివ్వడం, క్యాన్సర్ అని తేలితే అదే మత్తులో రొమ్ము తీసేయడం అప్పట్లో అక్కడి ఆనవాయితీ. మెలకువ వచ్చాక తడిమి చూసుకుంటేగానీ ఏం జరిగిందో తెలియదు. పరీక్ష వేరు, ఆపరేషన్ వేరు, మధ్యలో నిర్ణయం నాది అని పట్టుబట్టింది కుష్నర్. వివరాలు సేకరించింది, పుస్తకం రాసింది, వైద్యుల్ని నిలదీసింది. 1979లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ ఏర్పాటు చేసిన నిపుణుల సంఘం ఆ రెంటినీ విడదీయాలని సిఫారసు చేసింది. ఆ సంఘంలో ఆమె కూడా సభ్యురాలు.

జబ్బు ప్రకృతిది, ఆ ఆనవాయితీ మనుషులది. మనుషులు పెట్టింది గనకే మార్చగలిగారు. మనం తలరాత అనుకుంటున్నదాంట్లో ఎంత భాగం ఎవరో తీసుకున్న నిర్ణయమో వేరుచేసి చూడటమే నా దృష్టిలో ఆరోగ్య ఉద్యమం. నా పనికి మూలం అక్కడుంది, గడ్డలో లేదు.

అయినా ఒక అనుమానం నన్ను వదలదు. ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసిన స్త్రీ, జబ్బుపడ్డాక కూడా పదిమందికి ఉపయోగపడితేనే బతికినట్టా? సేవ అనే పాత కాడినే కొత్త పేరుతో మెడకెత్తుకుంటున్నామా? నాతోపాటు కీమో తీసుకున్న ఒకావిడ, “నాకెవరికీ ఏమీ చెప్పాలని లేదండీ. కొన్నాళ్లు ఊరికే పడుకోవాలనుంది” అంది. ఆ కోరిక నా పనికన్నా తక్కువదని నేననుకోను. ఊరికే పడుకునే హక్కు ఎంతమంది ఆడవాళ్లకుంది గనక!

నా వరకు సేవకీ ఈ పనికీ తేడా ఒకచోట తెలుస్తుంది. సేవ పొందిన మనిషి రుణపడి ఉంటుంది. వరండాలోని స్త్రీలు నన్ను దాటి వెళ్లిపోవాలి. మొన్న ఒకామె నేనిచ్చిన కాగితం రెండుసార్లు చదువుకుని, “నేనడగాల్సింది ఇందులో లేదు” అంటూ పెన్ను అడిగి తీసుకుంది.