పేదవాని వకీలు

బెంగుళూరులో ఇల్లు కట్టించుకొనదలచినవారు మేస్త్రీని కుదుర్చుకొనుటకు ముందు నలుగురిని విచారింతురు. అతడు కట్టిన గోడలను చూచి వత్తురు. పరప్పన అగ్రహారపు చెరసాలలోని పేద ముద్దాయికి తన వకీలు విషయమున అంతపాటి అవకాశమైనను లేదు. ప్రభుత్వము ఎవరిని పంపిన, వారే అతని వకీలు. నేరము మోపునది ప్రభుత్వమే, వకీలుకు సొమ్మిచ్చునదియు ప్రభుత్వమే. ఇట్టి చోట వకీలును సమకూర్చుట కాలువ త్రవ్వుటకు కాంట్రాక్టు ఇచ్చుట వంటిదేనా?

హక్కును గూర్చిన వాదము ఎన్నడో తీరినది. 1976లో రాజ్యాంగమున 39ఎ అధికరణము చేరినది. పేద ముద్దాయికి వకీలును ఇచ్చుట 21వ అధికరణములోనిదేనని 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసున సుప్రీంకోర్టు తేల్చినది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9న అమలునకు వచ్చినది. చెరలోనున్నవానికి ఆదాయముతో నిమిత్తము లేకయే సహాయము కలదు.

చాలకాలము ప్యానెల్ పద్ధతి నడచినది. జాబితాలోని న్యాయవాదికి కేసు అప్పగించి స్వల్పరుసుము ఇచ్చెడివారు. సొంత కక్షిదారులుగల వకీలు ఆ రుసుముకై చెరసాలదాక పోయి ముద్దాయి మాట వినునా? వినినవారు లేకపోలేదు, వారికి నమస్కారము. కాని ఒకరి ధర్మబుద్ధిపై మరియొకరి స్వేచ్ఛను ఆనించుట ఏర్పాటు అనిపించుకొనదు. 2022లో జాతీయ సంస్థ క్రొత్త పద్ధతి తెచ్చినది: పూర్తికాలపు డిఫెన్స్ కౌన్సెల్‌లు, నెలసరి వేతనము, సొంత ప్రాక్టీసు నిషేధము. ఇది మేలైన మార్పేయని మా తలంపు.

అయినను ఒక ముల్లు మిగిలినది. వీరి ఒప్పందము కొలదికాలమునకే. పొడిగింపు పనితీరును బట్టి. జిల్లా సంస్థకు అధ్యక్షుడు జిల్లా న్యాయమూర్తి. ఎవరి యెదుట అభ్యంతరము చెప్పవలెనో వారి మాటపైననే తన కొలువు నిలుచునని యెరిగిన వకీలు గొంతు కొంత తగ్గదా? న్యాయమూర్తులను శంకించుట మా యుద్దేశము కాదు, మనుష్యస్వభావమును చెప్పుచున్నాము. పనితీరును తీరిన కేసుల లెక్కతో కొలిచిన మరియు చిక్కు. నేరము ఒప్పుకొమ్మని నచ్చజెప్పి ముగించిన కేసు ఆ లెక్కలో చప్పున తీరినదే గదా!

ఇంగ్లండులో 2013లో ప్రభుత్వము ఈ పనిని తక్కువ ధర పలికినవారికి కట్టబెట్టదలచినది. న్యాయవాదులు గట్టిగా ఎదిరింపగా ఆ యేడే ధరలపోటీని విరమించుకొన్నది. మనకు టెండరు లేదు. ముద్దాయి మాట లెక్కకు రాకపోవుట మాత్రము ఇచటను కలదు.

అనంతపురము నుండి కూలికి వచ్చి ఇచట చిక్కినవానిని తలచుకొందము. పోలీసు కాగితములు కన్నడమున నుండును. సాక్ష్యమును ముద్దాయికి తెలిసిన భాషలో వినిపింపవలెనని చట్టము చెప్పుచున్నది. కాని వకీలుతో చెప్పుకొను మాట సాక్ష్యమునకు ముందటిది. అది వినబడకున్న తరువాతి అనువాదము ఎవరికి? కావున పొడిగింపునకు ముందు చూడవలసినది, వకీలు చెరసాలకు ఎన్నిమారులు పోయెను, ఎంతసేపు కూర్చుండెను, ఏ భాషలో మాటలాడెను అనునవి. ఆ విచారణ కోర్టుతో సంబంధములేని సంఘము చేయవలెను. ముద్దాయిని కూడ అడుగవలెను. ఇక దుబాసీ పనికి, తరతరములుగా రెండు భాషలలో బ్రదుకుచున్న మన యిండ్లనుండియే మనుష్యులు దొరకుదురు. వారమునకొక పూట చాలును.