చూడని నివేదిక

పాతికేళ్లు పనిచేసిన సీనియర్ ఉద్యోగిని బర్తరఫ్ చేసే వేళ పై అధికారులకు విచారణ తరచు లాంఛనంగానే తోస్తుంది. అతడెటువంటివాడో తమకు ముందే తెలుసునన్న ధీమా అందుకు కారణం.

రాజ్యాంగంలోని 311వ అధికరణం ప్రభుత్వోద్యోగికి ఆరోపణలు తెలుసుకొని బదులు చెప్పుకొనే అవకాశమిచ్చింది. ప్రతిపాదిత శిక్షపై రెండవసారి సంజాయిషీ ఇచ్చుకొనే హక్కును మాత్రం 1976 నాటి 42వ సవరణ తొలగించింది. దానితో విచారణాధికారి నివేదికను సైతం ఉద్యోగికి చూపనక్కరలేదన్న వాదన బయలుదేరింది. తనను దోషిగా తేల్చిన కాగితాన్ని తాను తప్ప అందరూ చదివితే అతడు దేనికి బదులు చెప్పగలడు?

1990 నవంబరులో సుప్రీంకోర్టు ఆ వాదనను త్రోసిపుచ్చింది. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ కేసులో 1993లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సూత్రం ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలన్నిటికీ వర్తిస్తుందన్నది. అయితే నివేదిక అందనందువల్ల ఉద్యోగికి నిజంగా నష్టం వాటిల్లిందా అని పరిశీలించాలనీ, వాటిల్లకపోతే శిక్షను రద్దు చేయనక్కరలేదనీ చెప్పింది.

ఆచరణలో ఇది సబబే. తప్పు రుజువైనవాడు ఒక ప్రతి అందలేదన్న మిషతో జీతం బకాయిలతో సహా తిరిగిరావడం ఎవరికీ రుచించదు. నైతికంగా మాత్రం ఒక చిక్కు మిగిలే ఉన్నది. నిర్ణయం తీసుకొనే అధికారి మనస్సు ఇంకా తెరచి ఉన్నప్పుడు చెప్పుకొనే మాట వేరు, ఆ మాట చెప్పినా ఫలితం మారేది కాదేమోనని ఏళ్ల తరువాత న్యాయస్థానం తూచిచూడటం వేరు. పదవీ విరమణకు రెండేళ్లే మిగిలినవానికి ఆ వ్యవధి చిన్నది కాదు.