మిగిలిన ముక్కల విలువ



పాడైన వస్తువును పారవేయుట తప్పా? ఇది చిన్న ప్రశ్నయే గాని, అటకలమీదనున్న పాత రేడియోలను చూచినప్పుడు జవాబు చెప్పుట అంత సులభము కాదు.

వాల్వు రేడియోను తీసికొందము. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరును కనుగొనక మునుపు ఇండ్లలోని రేడియోలు సాధారణముగా ఈ గాజు వాల్వులతోనే పలికెడివి. అట్టిది మూగబోయిన యెడల చచ్చినదని తలంచుదుము. పనివాడు విప్పి చూడగా, తరచుగా చెడినవి కండెన్సర్లు మాత్రమే. ట్రాన్స్‌ఫార్మరు, స్పీకరు, అనేక వాల్వులు బాగుగానే యుండును. ఒక లోపమునుబట్టి అంతటిని కొట్టివేయుట మన స్వభావము. తోటి మనుష్యుల విషయములోను ఆలాగే చేయుచున్నాము కామా?

కొందరు పలుకగల రేడియోను సయితము గుల్లచేసి, ఆ చెక్కపెట్టెలో కొత్త స్పీకరు అమర్చి అలంకారముగా పెట్టుకొందురు. ఇది తగునా? బాగుపడదగిన దానిని బాగుచేయుట మొదటి ధర్మము. అది బాగుపడనిదైతే దాని మంచి భాగములతో మరియొకదానిని బ్రదికించుట రెండవది. రెండును కుదరనప్పుడు పెట్టెను వేరొక పనికి వాడుకొనుటలో దోషము లేదు. అయితే పాత భాగమును కొత్తదని చెప్పి అమ్ముట దొంగతనమే.

అయిదువేలమందిని తృప్తిపరచిన ప్రభువు మిగిలిన ముక్కలను పోగుచేయించెను (యోహాను 6). సమృద్ధిగా ఇయ్యగలవాడే వృథా చేయుటకు ఒప్పుకొనలేదు.

అయితే పొదుపునకును హద్దు గలదు. రాగికొరకు తీగెలను కాల్చువారున్నారు. బంగారుకొరకు సర్క్యూటు బోర్డులను ఆమ్లములో ముంచువారున్నారు. ఆ విషపు పొగను, సీసపు ధూళిని పీల్చునది ఎవరు? పేదల బిడ్డలే. ఐక్యరాజ్యసమితి లెక్కప్రకారము 2022లో లోకమంతట పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో సక్రమముగా సేకరింపబడి శుద్ధియైనట్లు లెక్కకు వచ్చినది నాలుగవ వంతుకన్న తక్కువ. మనము మిగిల్చిన రూపాయి మరియొకని ఊపిరిని తీయునదైతే అది పొదుపు కాదు, పాపము.

కావున ఇంటిలోని పాత సామానును తెలిసిన పనివానికి చూపించుడి. మీరే విప్పవద్దు, ప్లగ్గు తీసిన తరువాతను కండెన్సర్లలో ప్రాణము తీయగల విద్యుత్తు నిలిచియుండవచ్చును. పనికిరానిదానిని కాల్చక, పూడ్చక, ప్రభుత్వమువద్ద నమోదైన రీసైక్లింగువారికి చేర్చుడి. వస్తువును కాపాడునప్పుడు పొరుగువానినికూడ కాపాడుదము.