పరుల త్యాగము, మన ఋణము

అనకాపల్లికి రమారమి 20 మైళ్ల దూరమున విశాఖపట్టణము గలదు. 1849వ సంవత్సరమున, సూయజు కాలువ తెరవబడుటకు ఇరువది యేండ్ల పూర్వము, సవాయి దేశపు ఆన్సీ నగరమునుండి సెయింటు జోసెఫ్ సోదరీమణులు మన తెలుగు తీరమునకు వచ్చి బాలికలకు విద్య గఱపబూనిరి. అప్పటికి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాల స్థాపించుటకు ఇంకను 25 ఏండ్లు గలవు. ఆ సంఘమువారే 1958లో విశాఖయందు స్త్రీల కళాశాలను నెలకొల్పిరి.

సంసారము విడుచుట ధర్మమా యని మనలో కొందఱు శంకింతురు. తన ముక్తికై మాత్రమే గృహమును విడిచినవాని త్యాగము తనతోనే ముగియును. పరుల బిడ్డలకై విడిచినవారి త్యాగము లోకమునకు మరల వచ్చును. ఇందును స్త్రీలకు ఆటంకములు లేకపోలేదు. 1610లో ఆన్సీయందే స్థాపితమైన విజిటేషను కన్యలు దీనుల యిండ్లకు పోయి సేవచేయుచుండగా, మతాధికారులు వారిని మఠప్రాకారములలో నిలిపిరి. 1650లో లె పుయి పట్టణమున నేర్పడిన సెయింటు జోసెఫ్ సంఘము ప్రాకారము లేక జనులలో మెలగెను. కావున స్త్రీని గోడలమాటున నుంచుట యొక్క దేశమునకే చెందిన దోషము కాదు. దానిని దాటుటయు నొక్క మతమునకే చెందిన పుణ్యము కాదు.

అయిన నాకు తోచిన ప్రశ్న వేఱు. బెల్లపు వర్తకుడగు కక్షిదారుడొకడు నాచే మరణశాసనము వ్రాయించుకొనెను. కుమారుని కళాశాల చదువునకు ధనము కేటాయించి, కూఁతురి చదువునకు కాసైనను చూపడాయెను. ఏలనని యడిగితిని. “కన్యకామఠమువారు ధర్మాత్ములు, వారున్నారు గదా పంతులుగారూ!” అని చేతులు జోడించెను. నేను మాఱుపలుకక వ్రాసి, రుసుము పుచ్చుకొంటిని.

ఆ నమస్కారమున భక్తి లేదనను. కాని, తన విధిని పరుల త్యాగముపై మోపి, వారిని పొగడుట కృతజ్ఞత యగునా? ఒకరి త్యాగము మఱియొకరి విధిని తీర్పజాలదు. ఆ సోదరీమణులు తమకు పుట్టని బిడ్డలకై స్వదేశమును విడిచిరి. మనము మనకు పుట్టిన బిడ్డకై ఆస్తిలో నొక పాలైనను విడువలేమా?

ఋణపత్రమునకు 3 ఏండ్లలో కాలదోషము పట్టును. ఈ ఋణమునకు పట్టదు. ఇకమీఁదట నాయెదుట మరణశాసనము వ్రాయించువారిని కూఁతురి చదువును గూర్చి రెండవమారును అడుగుదును. చదువరులారా, మీరును నన్ను అడుగుడు.