ఈ ఇల్లు ఎవరిది?

"ఎక్కడుంటున్నారండీ?" అని ఎవరైనా అడిగితే మగవాళ్ళు ఊరి పేరు చెబుతారు. కడపనో, కర్నూలనో, ప్రొద్దుటూరనో. ఆడవాళ్ళు మాత్రం ఎవరో ఒక మనిషిని చెబుతారు. అరవై దాటినావిడ "పెద్దబ్బాయి దగ్గర" అంటుంది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల "అత్తగారింట్లో" అంటుంది. పెళ్ళికాని ఆడపిల్ల, నలభై ఏళ్ళొచ్చి, బడిలో పంతులమ్మగా చేస్తూ నెలనెలా జీతం తెస్తున్నా సరే, "అన్నయ్య వాళ్ళింట్లో" అనే అంటుంది.

తమాషా ఏమిటంటే, ఈ ముగ్గురూ ఉండేది ఒక్క ఇంట్లోనే కావచ్చు! తెల్లవారి లేచి వాకిలి చిమ్మేదీ, పొయ్యి వెలిగించేదీ, వచ్చేపోయేవాళ్ళకు మంచినీళ్ళిచ్చేదీ ఈ ముగ్గురే. అయినా "ఇది మా ఇల్లు" అనే ధైర్యం ఒక్కరికీ లేదు.

వేర్వేరు వయసులవాళ్ళు ఒకే కప్పు కింద ఉండాలా, విడివిడిగా ఉండాలా అన్న వాదం ఎప్పుడూ ఉన్నదే. కలిసి ఉంటే కలదు సుఖమని కొందరు, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని కొందరు. కలిసి ఉన్నా సరే, విడిగా ఉన్నా సరే, అసలు చూడాల్సింది మరొకటి ఉందనిపిస్తుంది నాకు. ఆ ఇంట్లో ఎవరు మనుషుల్లా ఉంటున్నారు, ఎవరు సామానులా ఉంటున్నారు?

సామాను అన్నానని కోపగించుకోకండి. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు చేనూ, ఎద్దులూ, ఇత్తడి బిందెలతో పాటు అమ్మానాన్నల్ని కూడా పంచుకునే ఇళ్ళు మన సీమలో లేవా? నెలకొకరి వంతు. ఒక్కోచోట అమ్మ పెద్దవాడికి, నాన్న చిన్నవాడికి. ఆ పంపకంలో అందర్నీ అడుగుతారు, ఆ ఇద్దర్నీ తప్ప. వంతు మారే రోజున గుడ్డల మూట పట్టుకుని వీధి దాటే ముసలమ్మకు ఏ ఇంట్లోనూ తిండికి లోటుండకపోవచ్చు. కానీ ఆమెకు ఇల్లు లేదు.

పాత రోజులే మేలంటారా? మన రాతి మిద్దెల్ని గుర్తు చేసుకోండి. కింద నాపబండలు, పైన మట్టికప్పు, వెలుతురుకు గవాక్షి. ముసలాయనకు వీధి అరుగు, అత్తగారి బొడ్డులో తాళాలగుత్తి. మరి కోడలికి? తలుపు వేసుకుని ఏడవడానికి గది కూడా ఉండేది కాదు. ఇప్పుడు అపార్టుమెంట్లలో గదిగదికీ తలుపుంది. అరుగే లేదు. అప్పుడు చోటు లేనిది చిన్నదానికి, ఇప్పుడు పెద్దదానికి.

చట్టాలు తమకు చేతనైంది చేశాయి. మన రాష్ట్రంలో 1985 నుంచి పెళ్ళికాని కూతుళ్ళకూ, 2005 నుంచి దేశమంతటా కూతుళ్ళందరికీ ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. 2005లోనే వచ్చిన గృహహింస చట్టం, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు కోడలికిచ్చింది. వృద్ధులైన తల్లిదండ్రుల్ని పోషించాల్సిందేనని 2007లో మరో చట్టం వచ్చింది. ఈ రెండు హక్కులూ ఢీకొంటే ఎలా? బెంగుళూరు నుంచి వెళ్ళిన ఒక కేసులో, వృద్ధుల చట్టాన్ని అడ్డం పెట్టుకుని కోడల్ని వీధిలోకి నెట్టడానికి వీల్లేదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. కానీ కోర్టు ఇవ్వగలిగేది ఉండే హక్కు. "ఇవాళ ఏం వండమంటావు?" అని అడిగే మర్యాదను ఏ కోర్టు ఇప్పించగలదు?

పైగా ఇంట్లో ఎవరుండాలో మనం తేల్చేలోపు కరువే తేల్చేస్తోంది. కర్నూలు పడమటి పల్లెల్లో, కోసిగి, మంత్రాలయం వైపు, పనుల్లేని రోజుల్లో వయసులో ఉన్నవాళ్ళు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. ముసలివాళ్ళు వాకిలి కాస్తారు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి ఎందరో ఆడవాళ్ళు కువైట్ ఇళ్ళల్లో పనికి పోతారు. ఆ డబ్బుతో ఇక్కడ డాబా లేస్తుంది. అందులో మనవళ్ళకు సంగటి పెట్టే అవ్వను అడిగి చూడండి. "మాదేముందమ్మా, కోడలి ఇల్లు, కాపలా ఉండా" అంటుంది. అక్కడ పరాయి బిడ్డల్ని ఎత్తుకు తిప్పే కోడలు నాలుగేళ్ళకు తిరిగొస్తే, తన వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తనకే తెలియదు. పిల్లలు అవ్వ కొంగు వదలరు. ఆ రోజు జరిగే పోట్లాటలో దుర్మార్గులెవరూ లేరు. ఇద్దరూ ఆ ఇంటి కోసమే అరిగిపోయినవాళ్ళు.

ఇలాంటప్పుడు మనకు తెలిసిన మందు ఒక్కటే: "సర్దుకుపో." మాట చెడ్డది కాదు. ఎప్పుడూ ఒకరికే చెబితే మాత్రం అది దబాయింపవుతుంది. సర్దుకోవడం చేతులు మారుతుండాలి. మామగారి మందులు కోడలు తెస్తే, కోడలు పరీక్షకు చదువుకునే నెలలో మామగారు కూరగాయలు తరిగిపెట్టాలి. అరవై ఏళ్ళాయనకు కత్తిపీట ముందు కూర్చోవడం రాదంటే నేను నమ్మను!

అన్నిటికంటే ముందు అడగడం నేర్చుకోవాలి. "అమ్మా, నీకెక్కడ ఉండాలని ఉంది?" అని. "నా మిద్దెలో నేనుంటా, పొద్దునొకసారి వచ్చి చూసిపో" అంటుందేమో. అదీ వినాల్సిన మాటే. ఊళ్ళో నలుగురూ ఏమనుకుంటారోనని ఆమెను లాక్కొచ్చి గదిలో కూర్చోబెడితే అది ప్రేమ ఎలా అవుతుంది? అలాగే ఉద్యోగం చేసే కూతురు విడిగా గది తీసుకుంటానంటే, కన్నవాళ్ళను వదిలేసిందని శోకాలు పెట్టనక్కర్లేదు.

నలభైల్లో ఉన్న మనం సరిగ్గా మధ్యలో ఉన్నాం. ఒకవైపు అత్తగారు, మరోవైపు రేపు రాబోయే కోడలు. తాళాలగుత్తి ప్రస్తుతానికి మన బొడ్డులో ఉంది. అందులోంచి ఒక తాళం తీసి పెద్దావిడకివ్వండి. బీరువాలో ఒక అర పూర్తిగా ఆవిడదే, అందులో ఏముందో మనం అడగకూడదు! ఇంటికొచ్చిన చుట్టాలతో "అత్తమ్మ మా దగ్గర ఉంటోంది" అనే బదులు "మేమంతా కలిసి ఉంటున్నాం" అని చూడండి. ఆ మాట విన్నప్పుడు ఆవిడ ముఖంలోకి ఒకసారి తొంగి చూడండి. ఖర్చేమీ లేని పని కదా!