గంగ అడిగిన ప్రశ్న

భూమికి దిగి రమ్మని భగీరథుడు వేడుకుంటే గంగ వెంటనే ఒప్పుకోలేదు. జనమంతా తమ పాపాలు తనలో కడుక్కుంటారు, మరి ఆ పాపాన్ని తాను ఎక్కడ కడుక్కోవాలని నిలదీసింది. భాగవతం నవమ స్కంధంలోని ఘట్టమిది. హరిని హృదయంలో నిలుపుకున్న సాధువులు నీలో మునిగితే అదీ పోతుందని భగీరథుడు సర్దిచెప్పాడు. జవాబు కన్నా ప్రశ్నే గట్టిది.

1970లలో అమెరికాలోని మిసిసిపీలో నాసా శాస్త్రవేత్త బిల్ వుల్వర్టన్ మురుగు శుద్ధిని గుర్రపుడెక్కకు అప్పగించాడు. అవును, మన కాలవలకు అడ్డంపడి రైతుల చేత తిట్లు తినే ఆ కలుపు మొక్కకే! ఫొటోలు కడిగిన నీళ్లనూ, రసాయన ప్రయోగశాల వదిలిన నీళ్లనూ అది పెరిగే కాలవలోకి మళ్లించారు. సేంద్రియ మలినాల పని చాలావరకు వేళ్లను అంటిపెట్టుకున్న బ్యాక్టీరియాయే చూసుకుంటుంది. సీసం, కాడ్మియం వంటి లోహాల కథ వేరు. అవి మూలకాలు, ఏ సూక్ష్మజీవీ వాటిని విరిచి మాయం చేయలేదు. వేళ్లు వాటిని పట్టి ఉంచుతాయి, అంతే.

నీళ్లు తేటపడతాయి. విషం మాత్రం మొక్కలో ఉంటుంది.

దాన్ని తీయకుండా వదిలేస్తే కుళ్లి, పట్టుకున్నదంతా తిరిగి నీళ్లకే అప్పగిస్తుంది. తీస్తే పశువులకు వేయకూడదు, చేనికి ఎరువు చేయకూడదు. కాల్చినా లోహం చాలావరకు బూడిదలో మిగులుతుంది. ఆ బూడిదను భద్రంగా పూడ్చాలి. గంగకైనా సాధువులు దొరికారు. ఇక్కడ వరస చివర నిలబడేది చెరువులో దిగి మొక్కలు లాగే కూలీ. ఊరి మురికి ఎత్తినవాణ్ణే మైలవాడని వెలివేసిన సమాజానికి ఇది కొత్త ఏర్పాటేమీ కాదు.

ధర్మశాస్త్రాల్లో ప్రాయశ్చిత్తం తప్పు చేసినవాడి మెడకే చుట్టుకుంటుంది. ఆ లెక్కన తామరాకులా తనకేమీ అంటలేదని ఫ్యాక్టరీ యజమాని తప్పుకోలేడు. రాజస్థాన్‌లోని బిచ్‌డీ గ్రామంలో రసాయన కర్మాగారాల వ్యర్థాలు బావులను పాడుచేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇదే చెప్పింది: పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలి. కంపెనీ పిటిషన్ల మీద పిటిషన్లు వేసి ఏళ్ల తరబడి సాగదీసింది. చివరికి 2011లో, బాకీపడ్డ రూ.37 కోట్ల పైచిలుకు సొమ్మును చక్రవడ్డీతో సహా చెల్లించాలని అదే కోర్టు మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది.