నౌకరీ పోయిన సంగతి ఇంట్లో చెప్పు

సూర్యాపేట



నువ్వు ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నా మనసు నీ దగ్గరే ఉంది. ఫోన్‌లో సగం మాటలు ఏడుపులోనే పోయాయి. అందుకే ఉత్తరం రాస్తున్నా, నిదానంగా చదువు.

కంపెనీ వాళ్లు తీసేసిన సంగతి అమ్మానాన్నలకు చెప్పలేదన్నావు. పొద్దున హాస్టల్లో అందరితో పాటే బ్యాగు తగిలించుకుని బయటపడి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా మెట్రో లైను కిందే నడుస్తున్నావట. దారి పొడుగునా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు, పిల్లర్లకు అంటించిన 'గ్యారంటీ ప్లేస్‌మెంట్' కాగితాలు. ఎండకు ఆగలేక ఏ షాపులోనో కాసేపు నిలబడితే 'ఏం కావాలి మేడం' అని మూడుసార్లు అడుగుతారు. సాయంత్రం అమ్మ 'ఆఫీసు అయిందా' అంటే 'అయింది' అనాలి. ఇవన్నీ విన్నా ఓర్చుకున్నాను. కానీ ఎల్బీనగర్‌లో సూర్యాపేట బస్సు ఆగితే ఎక్కి కూర్చోవాలనిపిస్తుందని, ఎక్కలేక నిలబడిపోతున్నానని చెప్పావు చూడు, అప్పుడు గుండె తరుక్కుపోయింది. మూడు గంటలు కూడా పట్టని దారి. సొంతింటికి రావడానికి నువ్వు వెనకాడుతున్నావు.

ఉద్యోగం పోవడంలో నీ తప్పు లేదు. 2025లో టీసీఎస్ అంతటి కంపెనీయే దాదాపు 12,000 మందిని తగ్గిస్తామని చెప్పింది. వాళ్లంతా పని రానివాళ్లేనా? నువ్వు రోజూ దాటిపోయే కొత్తపేటలోనే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండేది. ఎండాకాలం వస్తే మామిడికాయల లారీలతో రోడ్డు కదిలేది కాదు. 2021లో దాన్ని అక్కడి నుంచి ఖాళీ చేయించి బాటసింగారం తరలించారు. ఆ స్థలం ఆస్పత్రికి ఇచ్చారు. అప్పుడు వ్యాపారులు రోడ్డు మీదికొచ్చి అడిగారు, హైకోర్టు దాకా వెళ్లారు. మా బతుకుదెరువు పోతోందని నలుగురిలో చెప్పుకోవడానికి వాళ్లు సిగ్గుపడలేదు. వాళ్లు మార్కెట్ పోయిందన్నారు. చదువుకున్న పిల్లవి, నువ్వేమో నీ పరువే పోయిందనుకుంటున్నావు. డిగ్రీ చేతికి రాగానే జీతాన్నే మన విలువ అనుకోవడం మీ తరానికి మేమే నేర్పామేమో. పెళ్లిచూపుల్లోనూ మేం ముందు అడిగేది ప్యాకేజీయే కదా.

నీ అసలు భయం కూడా నాకు తెలుసు. నౌకరీ లేదని తెలిస్తే నాన్న ఇంటికి తీసుకొచ్చి సంబంధాలు చూస్తాడని. అది ఉత్త భయమని నేననను, మీ నాన్న అలా అనే మనిషే. అయినా చెప్పు. ఇవాళ నువ్వు దాస్తే, రేపు నిజంగా ఉద్యోగం వచ్చి చెప్పినా ఆయన నమ్మడు. పట్నంలో ఒంటరిగా ఉండనివ్వమని అడగడానికి నీకున్న బలమల్లా నీ మాట మీద వాళ్లకున్న నమ్మకమే. అది చెడగొట్టుకోకు.

అమ్మకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నావు. నా అంతట నేను చెప్పను. కానీ మీ అమ్మే సూటిగా అడిగితే మాత్రం అబద్ధమాడను. ఈ సంగతి నీకు ముందే తెలియాలని రాస్తున్నా.

ఇక ఆ బ్యాక్‌డోర్ ఉద్యోగం. డబ్బు కడితే రెండేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టి సాఫ్ట్‌వేర్‌లో చేర్పిస్తానన్నాడట ఆ కన్సల్టెన్సీ మనిషి. వద్దు తల్లీ. ఉద్యోగం ఇచ్చేవాడు జీతమిస్తాడు గానీ నీ దగ్గర డబ్బు తీసుకోడు. పైగా ఎక్కడ ఎన్నాళ్లు చేశావో నీ పీఎఫ్ ఖాతాలో ఉంటుంది, కంపెనీలు అది చూస్తాయి. ఒకవేళ దొరకకపోయినా, చేయని పని చేశానని ప్రతి మీటింగులో నటించాలి. రోజూ బ్యాగు తగిలించుకుని చేస్తున్న ఇదే నాటకం అప్పుడు ఆఫీసు లోపల ఆడాల్సి వస్తుంది.

'ఏం చేస్తున్నావని అడిగితే గ్రూప్స్‌కు చదువుతున్నానని చెప్తా' అని కూడా అన్నావు. నిజంగా ఆ ఉద్యోగం మీద మనసుంటే చదువు, నేను పుస్తకాలు కొనిస్తా. జనం నోరు మూయించడానికైతే ఆ దారి పట్టకు. 2022లో 503 పోస్టులకు గ్రూప్-1 వేశారు. ఆ అక్టోబరులో పెట్టిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెడితే దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024లో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి మూడోసారి ప్రిలిమ్స్ పెట్టారు. మనసు పెట్టి చదివిన పిల్లలే నలిగిపోయారు. మనసు లేకుండా వెళ్తే ఏళ్లు పోతాయి.

డబ్బు సంగతి. పీఎఫ్ తీసేద్దామనుకుంటున్నావు కదా, గత్యంతరం లేకపోతే తప్ప ముట్టుకోకు. 5 ఏళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడవచ్చు. పింఛనుకు 10 ఏళ్ల సర్వీసు కావాలి, ఆ భాగం కూడా తీసేసుకుంటే చేసిన లెక్క పోతుంది. నీ జీతంలో ఈఎస్ఐ కోత పడేదన్నావు. నౌకరీ పోయిన బీమాదారులకు 90 రోజుల వరకు జీతంలో సగం ఇచ్చేలా 'అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన' అని ఒకటుంది. షరతులు ఉంటాయి. ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లి అది ఇప్పుడు అమల్లో ఉందో లేదో, నీకు వర్తిస్తుందేమో అడుగు. నీ జీతంలోంచి కట్టించుకున్న బీమా అది, అడగడంలో నామోషీ లేదు.

ఈ నెల హాస్టల్ ఫీజు నేను పంపిస్తున్నా. అప్పుగానే రాసుకో, జీతం వచ్చాక కొంచెం కొంచెంగా తీరుద్దువు. ఆదివారం నాన్న ఇంట్లోనే ఉంటాడు. శనివారం బస్సెక్కి రా, చెప్పేటప్పుడు నేను పక్కనే కూర్చుంటా. పెళ్లి మాట వస్తే నువ్వు మాట్లాడకు, ఏడాది దాకా ఆ ఊసెత్తొద్దని నేను అడుగుతాను. మీ నాన్న నా మాట తీసేయడు.

మీ పెద్దమ్మ